పుస్తకం పూర్తి చేయాలని కూర్చోకండి: చిన్న పిల్లలకు చదివి వినిపించే పద్ధతి

మా చిన్నదానికి రెండేళ్ళు నిండిన కొత్తలో, రాత్రి అన్నాలయ్యాక బొమ్మల పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గడగడా చదివేసేవాణ్ణి. పన్నెండు పేజీలు, నాలుగు నిమిషాలు. మధ్యలో అది ఏదో చూపించబోతే "ఆగమ్మా, ముందు కథ విను" అనేవాణ్ణి. వారం తిరక్కుండానే నా చేతిలో పుస్తకం కనపడితే చాలు, మంచం దిగి పారిపోవడం మొదలుపెట్టింది. మా అమ్మ మాత్రం అదే పుస్తకంతో, అదీ ఒక్క బొమ్మ మీద, పావుగంట నడిపేది. కళ్ళద్దాలు ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలియదు కాబట్టి అక్షరాల జోలికి పోయేదే కాదు. "ఈ కోడి ఎవరింటిదే? మన ఎదురింటోళ్ళదా? పొద్దున ఏం తిన్నదంట?" అని అడిగి, అది నోరు విప్పేదాకా మొహంలోకి చూస్తూ కూర్చునేది.

ఐదేళ్ళ లోపు పిల్లలకి పుస్తకం చదివి వినిపించడం అంటే మా అమ్మ చేసిందేనని నాకు అర్థం కావడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆ వయసులో పుస్తకం మాట కలపడానికి ఒక వంక, అంతే. మీరెన్ని పేజీలు చదివారో ఎవరూ అడగరు. మీరు ఆగినప్పుడు పిల్ల ఎన్ని మాటలన్నదో చూసుకోండి. ఇంట్లో చేసి చూసినవాటిని వరుసగా రాస్తున్నాను.

1. మాటలు రాకముందే మొదలుపెట్టండి

"ఇంకా మాటలే రాలేదు, అప్పుడే పుస్తకమేంటి" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి. పుట్టినప్పటి నుంచే పిల్లలకు చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పాలని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే తన డాక్టర్లకు సూచించింది. ఐదేళ్ళ లోపు పిల్లల గురించి 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లోనూ, వాళ్ళు ఒకచోట కూర్చునే సమయంలో పెద్దవాళ్ళు పక్కనుండి చదవడం, కథ చెప్పడం మంచిదని ఉంది. ఏడాది లోపు వాళ్ళకి టీవీ, ఫోను వద్దే వద్దన్నారు. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకు గంట దాటకూడదన్నారు.

పుట్టిన కొత్తలో పిల్లలకి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే బాగా కనపడుతుంది. పాలు తాగేటప్పుడు అమ్మ మొహం ఉండేంత దూరం అన్నమాట. పుస్తకం అంత దగ్గరగా పట్టుకోండి. నలుపు తెలుపు, ముదురు రంగులు ఉన్న పెద్ద బొమ్మలైతే చూస్తారు. ఆ వయసులో ఏం చదివినా ఒకటే, వాళ్ళు వినేది మీ గొంతు. ఆరేడు నెలలకు పుస్తకాన్ని నోట్లో పెట్టుకుంటారు. అట్ట పుస్తకాలు ఉన్నది అందుకే, పెట్టుకోనివ్వండి.

2. పుస్తకం ఎంచుకోవడం

దుకాణానికి వెళ్ళి "చిన్న పిల్లల పుస్తకం" అంటే ముందు చేతిలో పెట్టేది అక్షరాల పుస్తకం. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు వరకూ బాగానే ఉంటుంది. ఋ దగ్గరికి రాగానే ఋషి, ఐ దగ్గరికి రాగానే ఐరావతం. రెండేళ్ళ పిల్లాడు ఋషిని ఎక్కడ చూశాడని మాట్లాడతాడు? ఆ పుస్తకం పనికొచ్చే రోజు తర్వాత వస్తుంది, ఇప్పుడు పక్కన పెట్టండి. అటక మీద దాచిన పాత చందమామ బైండ్లు కూడా అంతే, అవి ఎనిమిదేళ్ళు దాటిన వాళ్ళకి.

మీక్కావలసింది పేజీకి ఒకటి రెండు వాక్యాలు, బొమ్మలో ఏదో ఒకటి జరుగుతూ ఉండటం. ఊరికే నిలబడ్డ ఏనుగు గురించి "ఏనుగు" అని తప్ప ఏమంటాం? అదే ఏనుగు బురదలో జారి పడుతుంటే పది మాటలు పుడతాయి. ఆటో, కుళాయి, మిద్దె మీద ఆరేసిన బట్టలు, గేదె లాంటివి ఉంటే మరీ మంచిది. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, చెన్నై తూలిక, మన సికింద్రాబాదు మంచి పుస్తకం వాళ్ళు తెలుగులో ఇలాంటివి వేస్తున్నారు. ప్రథమ్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. స్థాయిలవారీగా ఉంటాయి కాబట్టి మొదటి స్థాయివి చూసుకుని, వీలైతే కాగితం మీద ప్రింటు తీయించండి. ఏటా డిసెంబరు ప్రాంతంలో హైదరాబాదులో, జనవరి మొదట్లో విజయవాడలో జరిగే పుస్తక ప్రదర్శనలకి పిల్లల్ని తీసుకెళ్ళి వాళ్ళ చేతే ఒకటి ఎంపిక చేయించండి. మీకు నచ్చని రంగుల్లో ఉన్నదే తెస్తారు, కొనేయండి.

ఇంట్లో పది పుస్తకాలుంటే చాలు. అవి బీరువాలో అద్దం వెనక ఉంటే మాత్రం లేనట్టే. పిల్లల చెయ్యి అందేచోట, ఒక బుట్టలోనో ప్లాస్టిక్ టబ్బులోనో పడేయండి.

3. ముందు మీరొక్కరే ఒకసారి చదువుకోండి

రెండు నిమిషాల పని. ఏ పేజీలో ఆగాలో, ఏ మాట పిల్లకు కొత్తదో, ఏ వాక్యం మరీ పొడుగ్గా ఉందో చూసుకోండి. పొడుగు వాక్యాన్ని కత్తిరించి మీ మాటల్లో చెప్పేయడానికి మొహమాటం అక్కర్లేదు.

4. చోటు, సమయం

ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే బొమ్మ ఇద్దరికీ కనపడుతుంది. రెండేళ్ళు దాటాక పక్కన కూర్చోబెట్టుకోవడం నాకు మేలనిపించింది, ఎందుకంటే వాళ్ళ మొహం మనకి కనపడాలి, మన నోరు వాళ్ళకి కనపడాలి. టీవీ కట్టేయండి. సీరియల్ నడుస్తుండగా చదవడం దండగ. ఫోను వేరే గదిలో పెట్టండి. పది నిమిషాలు చాలు. అయితే ఆ పది నిమిషాలు రోజూ ఒకే వేళకి రావాలి: స్నానం అయ్యాకనో, పడుకోబోయే ముందో.

5. చూడండి, ఆగండి, ఒక మాట కలపండి

అసలు పని ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను. ఒక రోజు మా ఇంట్లో జరిగింది రాస్తున్నాను. బొమ్మలో వాన పడుతోంది. ఒక అబ్బాయి గొడుగు వేసుకుని నిలబడ్డాడు, పక్కన ఒక కుక్కపిల్ల. నేను పేజీ తిప్పి ఏమీ చదవకుండా ఊరుకున్నాను.

"కుక్క," అంది.

"అవును, కుక్కపిల్ల. తడిసిపోయిన కుక్కపిల్ల."

"తడిసిపోయింది."

"ఎందుకు తడిసింది?"

ఏమీ మాట్లాడలేదు. నేను మనసులో లెక్కపెట్టుకుంటున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దాకా ఆగడం పెద్దవాళ్ళకి ఎంత కష్టమో చేసి చూస్తేగాని తెలియదు. "వాన పడుతోంది కదా!" అని మనమే అనేస్తాం. అయిదు, ఆరు.

"అన్న రానీలే."

ఆ జవాబు నేను అనుకున్నది కాదు. గొడుగు కిందకి ఆ అబ్బాయి కుక్కపిల్లని రానివ్వలేదట. బొమ్మని మళ్ళీ చూస్తే నిజమే, గొడుగు మొత్తం వాడే వేసుకున్నాడు.

"అవునా, అన్న రానివ్వలేదా! పాపం, మరి ఇప్పుడు కుక్కపిల్ల ఏం చేస్తుంది?"

"వాళ్ళమ్మ దగ్గరికి పోతుంది."

గమనించండి, నేను ఆమె మాటని తప్పు అనలేదు. "రానీలే" అన్నదాన్ని "రానివ్వలేదా" అని తిరిగి నా మాటలో కలిపేశాను, అంతే. "కుక్క" అంటే "తడిసిపోయిన కుక్కపిల్ల" అన్నాను. వాళ్ళు ఒక మాట అంటే మీరు దానికి ఒకటి రెండు చేర్చి తిరిగివ్వండి. నాలుగైదు చేర్చితే వాళ్ళు అందుకోలేరు. ఆ తర్వాత వీలైతే కొత్త మాట వాళ్ళ నోట పలికేలా చూడండి, పలకకపోతే వదిలేయండి. మర్నాడు రాత్రి స్నానం చేసి వచ్చి "నేను తడిసిపోయిన పిల్లని" అంది.

దీనికి డైలాజిక్ రీడింగ్ అని పేరు. గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 1988లో ఒక పరిశీలన ప్రచురించారు. రెండేళ్ళ అటూ ఇటూ వయసున్న పిల్లలు. రెండు రకాల ఇళ్ళలోనూ పుస్తకాలు చదివేవాళ్ళే. ఒక రకం ఇళ్ళలో మాత్రం తల్లిదండ్రులకు ఇలా అడగడం, ఆగడం, మాట కలపడం నేర్పారు. నెల రోజులకే ఆ పిల్లలు మాటల్లో ముందుకెళ్ళారు. మా అమ్మకి ఈ సంగతి చెప్తే, "దీనికి నెల రోజులు చూడాలా" అంది.

6. ప్రశ్నలు అడగండి, పరీక్ష పెట్టకండి

"ఇదేంటి? ఇదేంటి? ఇది ఏ రంగు?" అని వరసబెట్టి అడిగితే పుస్తకం కాస్తా వైవా అయిపోతుంది. ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు "అంకుల్‌కి చెప్పమ్మా, పులి ఎలా అరుస్తుంది" అని అడిగినప్పుడు పిల్లలు మూగబోవడం చూశారు కదా, అదే జరుగుతుంది. మీకు జవాబు తెలిసిన ప్రశ్నలు తగ్గించండి.

రెండేళ్ళ లోపు వాళ్ళకి ప్రశ్నే అక్కర్లేదు. "అవ్వ బావిలో నుంచి నీళ్ళు..." అని ఆపండి, "తోడింది" అని వాళ్ళే పూర్తి చేస్తారు, లేదా ఒక చెయ్యి ఊపుతారు, అదీ మాటే. రెండు దాటాక "ఏం చేస్తోంది?" అనే ప్రశ్న "ఇదేంటి?" కన్నా చాలా మేలు, ఎందుకంటే జవాబులో క్రియ రావాలి. తెలుగులో పిల్లలు కష్టపడేది క్రియల దగ్గరే: వచ్చింది, వచ్చాడు, వచ్చారు, రాలేదు, రాదు, రాకపోతే. మూడున్నర, నాలుగేళ్ళకి "ఎందుకు", "అలా కాకపోతే ఏమయ్యేది" అనొచ్చు. అన్ని వయసుల్లోనూ పనిచేసేది ఒకటుంది: పుస్తకంలోని విషయాన్ని వాళ్ళ సంగతికి ముడిపెట్టడం. "మొన్న అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో నువ్వు కూడా ఇలాగే జారిపడ్డావు, గుర్తుందా?" అంటే చాలు, మీరిక పుస్తకం తెరవనక్కర్లేదు.

7. చప్పుళ్ళు, పనులు చేసి చూపించండి

ఈ విషయంలో మన భాషలో పుట్టిన పిల్లలు అదృష్టవంతులు. వాన చిటపటా పడుతుంది, మువ్వలు గలగలా మోగుతాయి, పాము జరజరా పాకుతుంది, ఎలుక కరకరా కొరుకుతుంది, పళ్ళెం తళతళా మెరుస్తుంది, మావయ్య పకపకా నవ్వుతాడు, తాతయ్య మెల్లమెల్లగా నడుస్తాడు. పుస్తకంలో "పాము వెళ్ళింది" అనే రాసుంటుంది. మీరు "జరజరా జరజరా వెళ్ళింది" అని వేళ్ళతో వాళ్ళ చెయ్యి మీద పాకించండి. పెద్ద మాటలు పలకలేని పిల్లలు కూడా ఈ జంట మాటల్ని ముందు పట్టుకుంటారు, ఒకే ముక్క రెండుసార్లు కదా.

పనుల పేర్లు ఇంకో గని. వంకాయలు తరుగుతాం, బఠాణీలు ఒలుస్తాం, చిక్కుడుకాయలు ఈనె తీసి తుంచుతాం, కొబ్బరి కోరుతాం, అల్లం దంచుతాం. మనలో చాలామంది ఇళ్ళలో ఇప్పుడు ఇవన్నీ కలిసి "కట్ చెయ్యడం" అయిపోయాయి. వంటింటి బొమ్మ వచ్చిన పేజీలో ఆగి, ఒక్కో పనీ చేతులతో చేసి చూపిస్తూ పేరు చెప్పండి. మర్నాడు నాలుగు చిక్కుడుకాయలు వాళ్ళ ముందు పోయండి. పుస్తకంలో మాట చేతికి తగిలితే మళ్ళీ పోదు. కూర కొంచెం ఆలస్యమవుతుంది మరి.

8. పుస్తకం తెలుగు, మీ ఇంటి తెలుగు

పుస్తకంలో "వెళ్తున్నాడు" అని ఉంటుంది. మీ ఇంట్లో "పోతుండు" అంటారు, లేదా "పోతాండాడు", లేదా "ఎల్తన్నాడు". ఏం చేయాలి? అచ్చులో ఉన్నట్టు ఒకసారి చదవండి, వెంటనే మీ ఇంట్లో అనేటట్టు చెప్పండి. రెండూ వినాలి. పుస్తకం భాష రేపు బడిలో ఎదురవుతుంది. ఇంటి భాషలోనే వాళ్ళు మీతో మాట్లాడతారు. పుస్తకంలో బంగాళాదుంప ఉంటే "మనం ఆలుగడ్డ అంటాం కదా" అనో, "ఉర్లగడ్డ ఇదే" అనో చెప్పండి. పిల్లలకి ఇందులో గందరగోళమేమీ ఉండదు, గందరగోళమంతా పెద్దవాళ్ళదే. తమ యాస పిల్లలకి అంటుతుందని నోరు మూసుకునే అమ్మలు, "నాకు మంచి తెలుగు రాదు" అనే తాతయ్యలు నాకు తెలుసు. మీకు వచ్చిందే మంచి తెలుగు, చదవండి.

9. అదే పుస్తకం ముప్ఫయ్యోసారి

మళ్ళీ అదే తెస్తారు. మీకు విసుగొస్తుంది, వాళ్ళకి రాదు. మొదటిసారి ఎవరు, ఏం జరిగింది అన్నది అందుతుంది. నాలుగోసారికి మాటలు అందుతాయి. పదోసారికి వాళ్ళే మనకంటే ముందు చెప్పేస్తారు. విసుగు తగ్గించుకోవడానికి ఒక చిట్కా: కావాలని తప్పు చదవండి. "పిల్లి భౌ భౌ అంది" అనండి. వాళ్ళు ఎంత కోపంగా సరిచేస్తారో చూడండి, నాకు తెలిసి అంత స్పష్టంగా వాళ్ళు ఇంకెప్పుడూ మాట్లాడరు. ఇంకో రోజు పుస్తకం వాళ్ళ చేతికిచ్చి "ఈరోజు నాకు నువ్వు చదువు" అనండి. తలకిందులుగా పట్టుకున్నా సరే.

10. ఒకచోట కూర్చోని పిల్లలకి

కొందరు అసలు కూర్చోరు. మా అక్క కొడుకు అలాంటివాడే. వాణ్ణి పట్టుకుని కూర్చోబెట్టకుండా, మా అక్క నేలమీద కూర్చుని తనపాటికి తాను గట్టిగా చదువుకునేది. వాడు గదంతా తిరుగుతూ, లారీ బొమ్మ ఉన్న పేజీ వచ్చినప్పుడు మాత్రం పరిగెత్తుకొచ్చేవాడు. ఒక్క పేజీ, అర నిమిషం. అదీ చదివించినట్టే. ఇలాంటివాళ్ళకి కథ పుస్తకమే కావాలని లేదు. పేపర్లో వచ్చే ట్రాక్టర్ల ప్రకటన, పెళ్ళి ఆల్బమ్, సూపర్‌బజార్ పాంప్లెట్ కూడా పనికొస్తాయి. పెళ్ళి ఆల్బమ్ అయితే అత్త, బాబాయి, పెద్దమ్మ, మేనమామ అన్నీ ఒకచోటే దొరుకుతాయి.

11. పుస్తకం లేని రోజు

కరెంటు పోయినప్పుడు, బస్సులో, ఆస్పత్రి లైన్లో. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకి వెళ్ళి తెచ్చిన చేపల కథ మీకు వచ్చే ఉంటుంది. ఎండని ఆ చేపని ఎందుకు ఎండలేదని అడిగితే గడ్డిమేటు మీద తోసేస్తుంది, గడ్డిమేటు ఆవు మీద, ఆవు పశువుల కాపరి మీద, అలా చీమ దాకా. మాటలు నేర్పడానికి ఇంతకన్నా తెలివైన కథ నాకు తెలియదు. ప్రతి మెట్టులోనూ "ఎందుకు" వస్తుంది, చాలా మెట్లలో "లేదు" వస్తుంది: ఎండలేదు, మేయలేదు, మేపలేదు, పెట్టలేదు. రెండోసారి చెప్పేటప్పుడు ప్రశ్న మీరడగండి, జవాబు వాళ్ళని చెప్పనివ్వండి. మూడోసారి అటూ ఇటూ మార్చుకోండి. ఆఖర్న చీమ మాట వాళ్ళకే వదిలేయండి, దానికోసమే అప్పటిదాకా కాచుక్కూర్చుంటారు.

12. ఇంట్లో రెండు భాషలుంటే

బెంగళూరులో, పుణెలో, డాలస్‌లో ఉన్నవాళ్ళు అడిగే మాట: రెండు భాషలతో మాటలు ఆలస్యమవుతాయా? కావు. పిల్లలు రెండు భాషలూ కలిపి మాట్లాడతారు, అది మామూలే. దానికి భయపడి తెలుగు ఆపొద్దు. ఇంగ్లిష్ పుస్తకమే ఉంటే వాక్యం వాక్యం అనువాదం చేయకండి, చదివేవాళ్ళకీ వినేవాళ్ళకీ అది శిక్ష. అక్షరాలు వదిలేసి, బొమ్మ చూస్తూ తెలుగులో కథ చెప్పేయండి. ఊళ్ళో అమ్మమ్మ, తాతయ్య ఉంటే ఒకే పుస్తకం రెండు ప్రతులు కొని ఒకటి వాళ్ళకి పంపండి. వీడియో కాల్లో "తిన్నావా, పడుకున్నావా" దాటి మాట సాగాలంటే ఇద్దరి చేతుల్లోనూ అదే పేజీ ఉండాలి.

ఫోనే కథ చదివి వినిపించే యాప్‌లు ఉన్నాయి. ప్రయాణాల్లో సరే. పిల్ల "అన్న రానీలే" అంటే యాప్ ఆగదు కదా.

13. పుస్తకం చిరిగితే

చిరుగుతుంది. టేపు తెచ్చి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అతికించండి. "అంటించు, నొక్కు, అంచు, మడత" అన్నవి అక్కడ వచ్చే కొత్త మాటలు.

14. మాటలు రాకపోతే ఎప్పుడు డాక్టర్ని కలవాలి

చదివి వినిపిస్తున్నాం కదా అని ఎదురుచూస్తూ కూర్చోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నరకి అమ్మ, నాన్న కాకుండా రెండు మూడు మాటలైనా రాకపోవడం, రెండేళ్ళు నిండినా "నీళ్ళు కావాలి" లాంటి రెండు మాటల జత కట్టకపోవడం, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోవడం. "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకే మాటలొచ్చాయి" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. ఆ మాట విని ఏడాది పోగొట్టుకోకండి. ముందు పిల్లల డాక్టరుకి చూపించి, వినికిడి పరీక్ష చేయించండి. చెవి సరిగా వినకపోతే మీరెంత చదివినా లాభం లేదు. 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీలు, అంటే పిల్లల ఎదుగుదల సమస్యల్ని ముందుగానే గుర్తించి సాయం చేసే కేంద్రాలు, ఏర్పాటయ్యాయి. ఎదుగుదలలో ఆలస్యాన్ని అక్కడ ఉచితంగా చూస్తారు. దగ్గర్లో ఎక్కడుందో మీ అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో అడగండి.

వెళ్ళేముందు ఇంట్లో పుస్తకం దగ్గర పిల్ల మాట్లాడుతున్నప్పుడు రెండు నిమిషాల వీడియో తీసి పెట్టుకోండి. ఆస్పత్రిలో కొత్త మనుషుల ముందు చాలామంది పిల్లలు నోరు విప్పరు. ఆ పిల్లకి బాగా అలవాటైన పుస్తకం కూడా ఒకటి సంచిలో వేసుకోండి, టోకెన్ నంబరు వచ్చేదాకా బయట కూర్చోవాలి కదా.